తొమ్మిదో నంబరు చొక్కా

నిన్న నాలుగు–ఒకటి. మాది ఒకటి.
ఇంతకంటే ఏమీ చెప్పకూడదనుకున్నాను.
అడిగినాయన పాపం, టోకెన్ల కోసం వచ్చినాయన,
మూడో మెషీన్లో దుప్పట్లు వేసుకుని కూర్చున్నాడు.
చెప్పాను. దుప్పట్లు ఆరేదాకా చెప్పాను.

మొదటి గోలు మా గోలీ పాపం.
రెండోది గాలి పాపం.
కెల్‌బరోలో గాలి సముద్రం మీంచి వచ్చి
ఉత్తరం గోలు వెనక్కి రాగానే మలుపు తిరుగుతుంది.
యాభై రెండేళ్లుగా నాకు తెలుసు,
జీతం తీసుకునే మేనేజర్‌కి తెలీదు.
మూడోది ఆఫ్‌సైడ్. ఎవరేమన్నా ఆఫ్‌సైడే.
నాలుగోది పడేసరికి నేను
స్టాండు కప్పులో చిల్లులు లెక్కపెడుతున్నాను.

"టోబీ ఉండుంటేనా..." అన్నాడు మా అన్న ఆల్విన్, పక్కనుంచి.
నేను పలకలేదు.
ఆ పేరు నా చేతులతోనే ఊడదీశాను.

జనవరి ఆఖరి రాత్రి. పదకొండుకి గడువు.
పది నలభైకి ఫోను:
"ఓక్‌షాట్‌ని అమ్మేశాం, హెస్టర్. పొద్దున్నకల్లా చొక్కా ఖాళీ చెయ్యి."
ఎంతకి?
"వెల్లడించని మొత్తం."
ఎవరికి వెల్లడించరు? నాకా?
మోకాళ్ల మట్టి చూసి
గెలిచొచ్చారో ఓడొచ్చారో చెప్పగలదాన్ని.
మర్నాడు చైర్మన్ మొహం చూశాను,
వారం నానబెట్టి ఉతికినంత తెల్లగా ఉంది.
ఏడంకెలు. తక్కువైతే నన్నడగండి.
ఆ డబ్బుతో కప్పు వేయిస్తారట.
ఆడేవాణ్ణి అమ్మి, చూసేవాళ్లకి గొడుగు పట్టడం!

వాడికి ఏడేళ్లప్పుడు
నా షట్టర్‌కేసి బంతి కొట్టేవాడు,
కుడికాలితో వంద, ఎడమకాలితో వంద,
ఆదివారం పొద్దున్న, ఊరంతా పడుకునుండగా.
ఓసారి విసుగెత్తి బంతి లాక్కుని
సబ్బుల అల్మరాలో పెట్టి తాళం వేశాను.
ఇవ్వడం మర్చిపోయాను.
ఇంకా అక్కడే ఉంది, గాలి పోయి, అప్పడంలా.

వెళ్లొద్దని నేననను.
చేపల ఫ్యాక్టరీలో చేతులు కొంకర్లు పోయిన తల్లి వాడిది.
అక్కడ వాడికొచ్చే నెల జీతం
ఇక్కడ ఆమె పదేళ్ల చాకిరీ.
వాడి మీద కోపం లేదు.
ఎవరి మీదో తేలక
ఇస్త్రీపెట్టె మీద చూపించాను.

వేడి చేసి, గోటితో అంచు లేపి, ఒక్కో అక్షరం.
ఎనిమిదీ ఊడాయి. నీడలు ఊడలేదు.
మూడేళ్ల ఎండకి చుట్టూ ఎరుపు వెలిసిపోయింది,
పేరు కింద మాత్రం
కొన్ననాటి ఎరుపే.
కొత్త చొక్కా కొనరా అన్నాను.
ఈ సీజన్‌కి ఇదే అన్నారు.

దాని మీద ఇప్పుడు వాన్‌డెర్‌స్ట్రాటెన్.
బెల్జియం కుర్రాడు, మే దాకా అరువు.
పద్నాలుగు అక్షరాలు, ఒక్కోటి పౌండున్నర.
ఈ చంక నుంచి ఆ చంక దాకా సాగదీసి అతికినా
కింద ఓక్‌షాట్ కనబడుతూనే ఉంటాడు
వెలుతురు పక్కనుంచి పడితే.

అరువు గుర్రం ఎంత దూరం పరిగెడుతుందిలే అనుకున్నాను.
శుక్రవారం తన బట్టలు మూట కట్టుకొచ్చాడు,
అద్దె గదిలో మెషీన్ లేదట.
బిడియం మనిషి. చిల్లర లెక్క రెండుసార్లు తప్పాడు.
తలుపు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి,
వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు:
"ఉత్తరం వైపు గాలి, అది ఎటు తిరుగుతుంది?"

ఇంతమంది మేనేజర్లలో
ఒక్కడూ అడగలేదు.
కౌంటర్ మీద సబ్బుపొడి పోసి
వేలితో గీసి చూపించాను.

మా ఒక్క గోలు సంగతి
దుప్పట్లాయనకి చెప్పలేదు.
గోలు వదిలేసి, పక్కన ఖాళీలోకి కొట్టాడు.
అవతలి జనం నవ్వారు కూడా.
బంతి గాలిలో ఒక్క క్షణం ఆలోచించుకుని
లోపలికి వచ్చేసింది.
ఆల్విన్ అదృష్టం అన్నాడు. అననిచ్చాను.

మంగళవారం పరాయి గడ్డ మీద ఆట. వానట.
సబ్బు ఇంకో పెట్టె తెప్పించాలి.
గడ్డి మరకలు వదిలిపోతాయి కానీ
ఆ ఊరి బంకమట్టి మాత్రం
ఓ పట్టాన వదలదు.